కోర్టు చూడాల్సిన కన్ను

మా తమ్ముడు చిన్నప్ప కంట్లో ములుగర్ర దిగింది శివరాత్రి నాడు, కోటప్పకొండ దారిలో. మేం యేసు బిడ్డలం, శివరాత్రితో మీకేం పనని అడుగుతారేమో. నేనూ అదే అడిగాను వాణ్ణి. పనేమంటే, వాడు బ్రహ్మయ్య దగ్గర పాలేరు. బ్రహ్మయ్య బండి మీద వెదుళ్ళతో తాటిచెట్టంత ఎత్తున కట్టే ప్రభ కొండకు పోవాలంటే బ్రహ్మయ్య ఎద్దులు లాగాలి. ఆ ఎద్దులు మా వాడి మాట తప్ప ఇంకొకరి మాట వినవు. ఆదివారం ప్రార్థనకు రమ్మంటే ఒళ్ళు నొప్పులంటూ ముసుగుతన్ని పడుకునేవాడు, శివరాత్రి వస్తే మాత్రం తలగుడ్డ చుట్టి అందరికంటే ముందు తయారయ్యేవాడు.

మా ఊళ్ళో రెండు పార్టీలు. ఒకటి బ్రహ్మయ్యది, రెండోది పుల్లయ్యది. ఇద్దరూ పెద్ద ఆసాములు, ఒకే కులం, వరసకు బావా బావమరుదులు. పగ పెంచుకునేది వాళ్ళు, తలలు పగలగొట్టించుకునేది వాళ్ళ పాలేళ్ళు. ఆ ఏడు, అంటే యాభై తొమ్మిదిలో, ఇద్దరూ చెరో ప్రభ కట్టించారు. కొండకు ముందు మలుపులో దారి ఇరుకు, ఒక ప్రభే పడుతుంది. ఎవరిది ముందు పోవాలి? అంతే. మనుషులు చావడానికి మా పల్నాట్లో అంతకంటే పెద్ద కారణం ఎప్పుడూ అక్కర్లేదు.

పుల్లయ్య మనిషి ఒకడు వచ్చి మా వాడి ఎద్దు తొడలో ములుగర్ర పొడిచాడు. ఎద్దుల్ని అదిలించే కర్ర అది, కొసన ఇనుప ములుకు ఉంటుంది. ఎద్దు రంకె వేసి మోకాళ్ళ మీద పడింది. తన్ను కొడితే ఊరుకునేవాడేమో గాని ఎద్దును పొడిస్తే మా వాడు ఊరుకుంటాడా? ఆ పొడిచినవాడి మెడ పట్టుకుని మొహాన్ని బండి చక్రానికేసి కొట్టాడు. పళ్ళు రాలాయి. వాడు నేల మీద నుంచి లేస్తూ చేతిలో కర్రను పైకి పొడిచాడు. ఆ ములుకు చిన్నప్ప ఎడమ కంట్లో దిగింది. మా వాడు ఆ కర్రను తన చేత్తో తానే పెరుక్కుని, దాంతోనే వాడి ముంజెయ్యి విరిగిందాకా బాది, అప్పుడు కింద పడ్డాడట. ఆ సరికే దారి పొడుగునా కర్రలు లేచాయి. రెండు ప్రభలూ విరిగి దుమ్ములో పడ్డాయి. ఏదీ ముందు పోలేదు.

నేను అక్కడ లేను. పేటలో కళ్ళ ఆసుపత్రిలో నర్సును నేను. బండి మీద వేసుకొచ్చిన మనిషి తలగుడ్డ అంతా నెత్తురు. గుడ్డ విప్పితే మా తమ్ముడు. అమ్మ పోయాక ఆ మొహాన్ని కడిగి పెంచింది నేనే. ఆ రోజు మళ్ళీ కడిగాను, నా నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ.

మా డాక్టరమ్మ విజయలక్ష్మి గారు లైటు పట్టుకుని చూసింది. మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. ఆమె తీరే వేరు. ఆపరేషన్ చేసి ఇంటికి పంపితే పని అయిపోయిందనుకోదు. ఆరు నెలలకో ఏడాదికో వాళ్ళ ఊరికే వెళ్ళి, అక్షరాల అట్ట గోడకు తగిలించి, ఎంత కనిపిస్తోందో చూసి వచ్చేది. "మనం కోసింది లెక్క కాదు ధనమ్మా, వాళ్ళకు కనిపించింది లెక్క" అనేది. అప్పటికి కొన్నేళ్ళుగా ఒక సంగతి వెంట పడింది. ఒక కంట్లో ఇనుమో ముల్లో దిగితే, కొన్ని వారాలకు ఏ దెబ్బా తగలని రెండో కన్ను కూడా ఎర్రబడి గుడ్డిదైపోతుంది. అది అరుదుగా వచ్చే జబ్బని పుస్తకాల్లో ఉందట. మా పల్నాట్లో మాత్రం అంత అరుదుగా లేదు. ఎందుకిలా అన్నదే ఆమె వెతుకులాట.

"ఈ కన్ను పోయింది ధనమ్మా. లోపలి పొర చీలి బయటికి వచ్చేసింది. చూపు ఇక రాదు. దీన్ని రెండు వారాల లోపు తీసేయాలి. తీసేస్తే కుడి కన్నుకు భయం ఉండదు" అంది.

నేను సరేనన్నాను. పోయిన కన్ను ఎటూ పోయింది, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ఇందులో ఆలోచించేదేముంది? అలా అనుకున్నాను, బ్రహ్మయ్య వార్డులోకి వచ్చేదాకా.

తెల్ల పంచె, భుజాన కండువా, వెనక నలుగురు మనుషులు. వచ్చి చిన్నప్ప మంచం మీదే కూర్చున్నాడు.

"ఏమే ధనమ్మా, కన్ను తీసేస్తారంటగా?"

"తీయాలయ్యా. తీయకపోతే రెండోది కూడా పోద్దంట."

"తీసేదానికి ఈల్లేదు" అన్నాడు. "కేసు పెట్టాం. ప్లీడరు ఏమన్నాడో తెలుసా? దెబ్బని జడ్జీ కళ్ళారా చూడాలన్నాడు. తీసేసి సొట్టకన్నుతో పోతే ఎదుటి ప్లీడరు ఊరుకుంటాడా? ఆసుపత్రోళ్ళే బాగున్న కన్ను పీకేశారంటాడు. కేసు కొట్టుకుపోద్ది."

డాక్టరమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. "నేను సర్టిఫికెట్ ఇస్తాను. కావాలంటే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెబుతాను" అంది.

"కాయితం ఎవడైనా కొంటాడమ్మా. కన్ను కొనలేరు గదా!" అన్నాడు బ్రహ్మయ్య. వెనక నలుగురూ తలలూపారు, గొప్ప ధర్మం విన్నట్టు.

"మరి అతని రెండో కన్ను మాటేమిటి?"

"తీయకపోతే అది కచ్చితంగా పోద్దని చెప్పు తల్లీ. చెబితే ఇప్పుడే తీయిస్తా."

నేను డాక్టరమ్మ మొహం వైపు చూశాను. పోతుంది అనాలి, అంతే. ఒక్క మాట. ఆమె బ్రహ్మయ్య వైపే చూసి చెప్పింది.

"అందరికీ పోదు. కొందరికే పోతుంది. ఎవరికి పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు."

"మరింకేంది?" అని బ్రహ్మయ్య కండువా దులుపుకుని లేచాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలోకి పోగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఒక్క అబద్ధం ఆడితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా అమ్మా? పోద్ది అంటే పోయేది కదా ఆ పీడ!"

ఆమె కోప్పడలేదు. "ఇవాళ అబద్ధమాడి ఒక కన్ను తీశాననుకో. తీయనివాడు ఎవడో పక్క ఊళ్ళో రెండో కన్నుతో బాగానే తిరుగుతుంటాడు. వాణ్ణి చూపించి, డాక్టరు అబద్ధం చెప్పిందంటారు. ఆ తర్వాత నేను నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు?"

"ఆ తర్వాత సంగతి నాకెందుకు? వాడు నా తమ్ముడు."

ఆ నిజాయితీ మీద నాకప్పుడు ఎంత మంట పుట్టిందో చెప్పలేను. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

సరే, కామందు సంగతి అలా ఉంచితే మా వాడికైనా బుద్ధి ఉండాలిగా? వాడూ అదే పాట.

"నా కన్ను పోయింది, నాకు తెలుసక్కా. పొడిచినోడు జైలుకి పోవాలగా? దీన్ని తీసేస్తే నా దెబ్బకి సాక్షి ఏది?"

"ఒరేయ్ ఎర్రిమొహమా, రెండోది కూడా పోతే వాడు జైలుకు పోయేది దేంతో చూస్తావు, మోకాలితోనా?"

నవ్వాడు. వాడికి అన్నిటికీ నవ్వే. వాడి పెళ్ళాం సుందరి మంచం పక్కన కూర్చుని ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది, అయినా వినలేదు. చివరికి నేనొక పని చేశాను. మధ్యాహ్నం అన్నం వేళకు వాడి రెండు కళ్ళకూ కట్టు కట్టి, ముందు కంచం పెట్టి, తినమన్నాను. సుందరిని సాయం చేయొద్దన్నాను. మొదట హాస్యమాడాడు. తర్వాత చెంబు తన్నేశాడు. పచ్చడి ఎక్కడుందో దొరక్క కంచమంతా తడిమాడు. ముద్ద ముక్కుకు తగిలింది. "ఇప్పెయ్ అక్కా" అన్నాడు. "ఇప్పేది లేదు, అన్నం అయిందాకా అంతే" అన్నాను. కోపంతో కంచం విసిరేశాడు, అది ఎక్కడ పడిందో తెలియక చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో వాడికి భయం పట్టుకుంది. నేను కట్టు విప్పేసరికి వాడి కుడి కంట్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"తీయించక్కా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అనుకున్నాం. ఎవడు మోశాడో గాని ఆ మాట ఊరికి చేరింది. మేం వాణ్ణి థియేటరుకు నడిపించుకుపోతుంటే గేటు దగ్గర బండి ఆగింది. నలుగురు కర్రలతో లోపలికి దూసుకొచ్చారు. అడ్డం వెళ్ళిన కాంపౌండర్ చెయ్యి వెనక్కి మెలిపెట్టి గోడకు కొట్టారు. డాక్టరమ్మ తలుపుకు అడ్డంగా నిలబడితే ఒకడు ఆమెను తోసేశాడు, కళ్ళజోడు కింద పడితే దాని మీదే కాలేసి నడిచాడు. ఆడమనిషి అన్న ఇంగితం కూడా లేదు ఆ కుక్కలకు. నా చేతిలో ఇనుప ట్రే ఉంది. దాంతో మొదటివాడి ముక్కు మీద కొట్టాను. ముక్కు పగిలి నెత్తురు నా మొహాన చిమ్మింది. రెండోసారి ఎత్తేలోగా ఇంకొకడి కర్ర నా మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు లోపల చప్పుడైంది.

చిన్నప్ప కూడా ఊరుకోలేదు. ఒకణ్ణి పొట్టలో తన్నాడు. "వదలండ్రా! తీయించుకుంటానన్నది నేనే!" అని అరుస్తున్నాడు.

అప్పుడు బ్రహ్మయ్య వరండా మెట్ల దగ్గర నుంచి పిలిచాడు. గొంతు పెంచలేదు.

"ఒరేయ్ చిన్నప్పా. నువ్వు పడుకునే కొట్టం ఎవరి దొడ్లో ఉందిరా? నీ పెళ్ళాం ఎవరి చేలో కలుపు తీస్తంది?"

అంతే. కర్రలు చేయలేని పని ఆ రెండు మాటలు చేశాయి. మా వాడు చేతులు దించేశాడు. నా వైపు ఒకసారి చూసి, తనంతట తానే నడిచి వెళ్ళి బండెక్కాడు. ఆకు ముల్లు మీద పడ్డా, ముల్లు ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే. పెద్దలు ఊరికే అన్నారా?

నా చేతికి పిండికట్టు వేశారు. డాక్టరమ్మ కొత్త కళ్ళజోడు వచ్చేదాకా కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదివేది. ఒక రోజు ఉన్నట్టుండి అడిగింది, "ధనమ్మా, మన దగ్గరికి వచ్చి కన్ను తీయించుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో నేనెప్పుడూ అడగలేదు. రెండో కన్ను ఎలా ఉందనే అడిగాను" అని. ఆ వారం నుంచే బయలుదేరింది. వినుకొండ వైపు, మాచర్ల వైపు, దాచేపల్లి వైపు, పాత రోగులందరి ఊళ్ళూ మళ్ళీ తిరిగింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ముల్లు గుచ్చుకున్నవాడు తీయించుకున్నాడు. మనిషి పొడిస్తే కన్ను పోయినవాడు తీయించుకోలేదు. తేడా అదొక్కటే. అందరూ కేసులు పెట్టినవాళ్ళే. కన్ను కోర్టుకు చూపించాలని ఉంచుకున్నారు, వాయిదాలు పడుతుండగా రెండోది పోగొట్టుకున్నారు."

ఆమె ఏళ్ళ తరబడి వెతికింది ఆ రోజు దొరికింది. సంతోషపడాల్సిన మనిషి, తల పట్టుకుంది. నాకైతే ఆ దొరికినదాంతో ఏం చేసుకోవాలో తెలియలేదు. మా వాడు ఊళ్ళో ఉన్నాడు, కన్ను వాడి తలలో ఉంది, కేసు మొదటి వాయిదా పడింది. ఎదుటి ప్లీడరుకు జ్వరమట. రెండోసారి వాయిదా పడింది. ఏదో పెళ్ళట.

ఎండలు ముదిరే వేళకు సుందరి కబురు పంపింది. చిన్నప్ప పగలు గుమ్మం దాటి రావడం లేదట, ఎండ కంట్లో పడితే సూదులు గుచ్చినట్టుందంటున్నాడట. ఆ మాట వినగానే డాక్టరమ్మ మొహం మాడిపోయింది. ఇద్దరం ఆసుపత్రి వ్యానులో బయలుదేరాం. ఊరి మొదట్లోనే బ్రహ్మయ్య మనుషులు బండి అడ్డం పెట్టారు. వాయిదా దగ్గర పడింది కదా, కన్ను ఎత్తుకుపోతామని వాళ్ళ భయం! డ్రైవరు హారన్ కొడితే రాళ్ళు పడ్డాయి. ముందు అద్దం పగిలింది. ఒక రాయి డాక్టరమ్మ నుదుటి మీద తగిలి కనుబొమ్మ చీలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే ఆమె పమిట కొంగుతో అదిమిపట్టుకుని వ్యాను దిగి నడిచింది. రాయి వేసినవాడి ముందు ఆగి, "ఇంకో కన్ను కూడా ఉంది, కొడతావా?" అంది. ఆమె గొంతు అంత గట్టిగా లేవడం నేనెన్నడూ వినలేదు. ఆ వెధవ పక్కకు తప్పుకున్నాడు.

చిన్నప్ప చీకటి కొట్టంలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. డాక్టరమ్మ టార్చి వెలుతురు కుడి కన్ను మీద వేయగానే అరిచాడు. ఆ అరుపుకు బయట కట్టేసిన ఎద్దులు లేచి నిలబడ్డాయి. కన్ను ఎర్రగా, పాప మబ్బు పట్టి ఉంది. ఆమె టార్చి ఆర్పేసింది.

"వచ్చింది" అంది, ఇంగ్లీషులో ఏదో అని, మళ్ళీ తెలుగులో అదే. "వచ్చేసింది ధనమ్మా."

నేను ఆ కొట్టం మధ్యలో నిలబడి బ్రహ్మయ్య వంశాన్ని ఏడు తరాలు తిట్టాను. వినేవాళ్ళు విన్నారు. ఎవడూ కర్ర ఎత్తలేదు.

వాణ్ణి ఆసుపత్రికి తెచ్చాం. ఈసారి ఎవరూ ఆపలేదు. మద్రాసు నుంచి ఏదో కొత్త మందు తెప్పించి వేసింది డాక్టరమ్మ, జ్వరం తెప్పించే సూదులు వేసింది, రోజూ కూర్చుని చుక్కలు తనే పోసింది. కొన్నాళ్ళు మనిషి నీడ కనిపించేది. ఒక మధ్యాహ్నం రోహిణి కార్తె ఎండ వార్డులో బండల మీద పేలిపోతుంటే, "అక్కా, ముసురు పట్టిందా?" అని అడిగాడు. నేను అవునన్నాను. ఆ ఒక్క రోజుకు అవునన్నాను. మర్నాడు వాడికే తెలిసిపోయింది. తల గోడకేసి కొట్టుకున్నాడు, నుదురు చిట్లిందాకా. నేనూ సుందరీ చెరో వైపు పట్టుకుంటే ఇద్దర్నీ ఈడ్చేశాడు.

ఆ తర్వాత నవ్వలేదు వాడు. మంచం మీద కూర్చుని వేళ్ళు నలుపుకుంటూ ఉండేవాడు. ఒకే మాట అడిగేవాడు, కేసు ఏమైందని.

కేసు ఏమైందో బ్రహ్మయ్యే వచ్చి చెప్పాడు, వానలు తగ్గుముఖం పట్టాక. అప్పుడే ఊళ్ళకు పంచాయతీ సమితులు వస్తున్నాయని, ఎలక్షన్లని ఒకటే హడావుడి. బ్రహ్మయ్య వెంట ప్లీడరు గుమాస్తా ఉన్నాడు. వాడి చేతిలో కాగితం, సిరాపెట్టె.

"ఒరేయ్ చిన్నప్పా, ఎట్టా ఉన్నావురా?" అని మంచం మీద కూర్చున్నాడు, అప్పుడు కూర్చున్నట్టే.

"కేసు ఏమైందయ్యా?"

"అదే చెబుదామని వచ్చా. నేనూ పుల్లయ్యా కలిసిపోయాం. సమితికి నేను నిలబడతన్నా, అతను నాకు పనిచేస్తాడు. ఊరు బాగుపడాలంటే పాత పగలు పనికిరావు గదరా. నీ కేసు రాజీ చేసుకుంటన్నాం. దెబ్బ తిన్నోడివి నువ్వు గనక నీ ఏలిముద్ర కావాలంట. నీకూ నీ పెళ్ళానికీ బతికినన్నాళ్ళూ గింజలు కొలిపిస్తా, నా మాట."

నేను పక్క మంచం దగ్గర ముసలామెకు చుక్కలు పోస్తున్నాను. సీసా చేతిలోనే ఉండిపోయింది.

"జడ్జీ నా కన్ను చూళ్ళేదు గదయ్యా" అన్నాడు చిన్నప్ప.

"ఇంక చూసే పనేముందిరా?"

"పొడిచినోడు జైలుకి పోడా?"

"ఎందుకురా ఇంకా ఆ గోల? వాడి చెయ్యీ విరిగిందిగా."

చిన్నప్ప వేళ్ళు నలుపుకోవడం ఆపాడు. తర్వాత మెల్లగా, "ఎక్కడెయ్యాలో నాకు కనపడదయ్యా. మీరే పట్టుకుని ఏయించండి" అన్నాడు.

బ్రహ్మయ్య ముందుకు వంగి వాడి కుడి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. చిన్నప్ప ఎడమ చెయ్యి లేచి, తడుముకుంటూ వచ్చి, ఆయన మెడ వెనక పడింది. పొగరు పట్టిన ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టిన చెయ్యి అది. ఆ పట్టు నుంచి తప్పించుకున్న ఎద్దును నేను చూడలేదు. సిరా అంటిన బొటనవేలు ఆయన చెంప మీదుగా పైకి పాకి, ఎడమ కన్ను దగ్గర ఆగి, లోపలికి దిగింది.

బ్రహ్మయ్య కేక ఆసుపత్రి అంతా వినిపించింది. గుమాస్తా సిరాపెట్టె పారేసి పరుగు తీశాడు. ఇద్దరూ మంచం మీద నుంచి కింద పడ్డారు. చిన్నప్ప పైన ఉన్నాడు. "జడ్జీకి చూపిద్దాం అయ్యా, ఇద్దరం కలిసి చూపిద్దాం" అంటున్నాడు, ఇంకా లోపలికి నొక్కుతూ. నేను వాడి జుట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజాను. "వదలరా! ఉరేస్తార్రా నిన్ను! నాకెవరున్నార్రా నువ్వు తప్ప!" కాంపౌండర్ వచ్చాడు, వార్డులో కాస్త చూపున్న రోగులంతా వచ్చారు. వేళ్ళు ఒక్కొక్కటీ విరిచి తీయాల్సొచ్చింది. రెండో కంటి మీదకు పోతున్న చెయ్యిని నేను పళ్ళతో కొరికి ఆపాను. బ్రహ్మయ్య తెల్ల చొక్కా మీద సిరా, నెత్తురు, ఇంకేదో జిగట.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి చూసింది. ఆయన మనుషులు తలుపు దగ్గర గుమిగూడారు. ఆమె చూసి, చేతులు కడుక్కుని, అప్పుడు చిన్నప్ప కన్ను గురించి చెప్పిన మాటే ఆయనకూ చెప్పింది.

"కనుగుడ్డు పగిలింది. ఈ కన్నుకు చూపు రాదు. దీన్ని ఉంచుకుంటే రెండో కన్నుకు ప్రమాదం రావచ్చు. అందరికీ రాదు. కొందరికే వస్తుంది."

"ఆ కొందరిలో నేనుంటే?" అన్నాడు బ్రహ్మయ్య. గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది.

"చెప్పలేను."

తలుపు దగ్గర నుంచి ఒకడు, వాడి ముక్కు నేను పగలగొట్టిందే, "అయ్యా, కేసు పెట్టాలగా. తీయించుకుంటే రేపు కోర్టులో..." అన్నాడు.

"నీయమ్మ, కోర్టు సంగతి నీకెందుకురా!" అని బల్ల మీద నుంచి లేవబోయాడు బ్రహ్మయ్య. డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "తీసెయ్ తల్లీ. ఇప్పుడే తీసెయ్. రెండోది నిలబెట్టు, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

లైటు పట్టుకోవాల్సింది నేనే. ఇంకెవరికీ ఆ పని రాదు. ఆయన ఒంటి కన్ను మత్తుమందు ఎక్కేదాకా నన్నే చూస్తూ ఉంది. నేనేం చేస్తానో అని భయం. నేనేం చేస్తాను? డాక్టరమ్మ అడిగిన కత్తెర అడిగినట్టు అందించాను. ముందే చెబుతున్నా, ఆయన రెండో కన్నుకు ఏమీ కాలేదు. ఏడాది తర్వాత డాక్టరమ్మ అందరి ఇళ్ళకూ వెళ్ళినట్టే ఆయన ఇంటికీ వెళ్ళి, అక్షరాల అట్ట తగిలించి చదివించింది. చివరి వరస దాకా చదివాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు ఆమె.

ఆపరేషన్ అయ్యాక బయటికి వచ్చాను. వరండాలో చిన్నప్పను బెంచీ కాలికి గొలుసుతో కట్టి, పక్కన కానిస్టేబుల్ కూర్చున్నాడు. సుందరి స్తంభానికి ఆనుకుని ఉంది, ఏడవడం కూడా మానేసింది. మా వాడి బొటనవేలి మీద సిరా ఇంకా పోలేదు. నా అడుగుల చప్పుడు వాడికి తెలుసు.

"తీసేశారా అక్కా?"

"తీసేశారు."

"కోర్టుకి చూపించకుండానే?"

"ఆ."

"చానాసేపు పట్టిందా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. చాలా కష్టమైందని చెప్పొచ్చు, మధ్యలో ఏదో అడ్డం వచ్చిందనొచ్చు. ఎండకు ముసురు అని ఒకసారి చెప్పి చూశాను, ఒక్క రోజుకు కూడా నిలవలేదు.

"లేదురా. అరగంట కూడా పట్టలేదు."

"అరగంట" అన్నాడు వాడు. తర్వాత మళ్ళీ, "అరగంటేనా అక్కా?" అన్నాడు, నేను తప్పు చెప్పానేమో అన్నట్టు. నేను వాడి పక్కన కూర్చుని తల నా భుజానికి లాక్కున్నాను. చూపు పోయిన కళ్ళ నుంచి కూడా నీళ్ళు వస్తాయి. కానిస్టేబుల్ ఏదో అనబోతే నోర్ముయ్యమన్నాను.